దానిమ్మలు కాసిన పంపు

ఆ ఎండాకాలం మా నాన్న బల్లిని తోలబోయి స్టూలు మీంచి పడ్డాడు. కుడి ముంజేయి విరిగింది. బల్లికి మాత్రం ఏమీ కాలేదు. మేము ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి అది అదే గోడ మీద, అదే చోట, ఏమీ ఎరగనట్టు అతుక్కుని ఉంది.

"చూడు, ఎంత నిబ్బరంగా ఉందో!" అని నాన్న పళ్ళు నూరాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

పడేటప్పుడు ఊతం కోసం ఆయన అలమర పట్టుకున్నాడు. అది కూడా ఆయనతోపాటు కిందికి వచ్చేసింది. కుంచెలు, రంగు డబ్బాలు, బిస్కెట్ డబ్బాల్లో దాచుకున్న కాగితం ముక్కలు గదంతా పరుచుకున్నాయి. నేను ఆయన్ని బండెక్కించి తీసుకెళ్తే, అమ్మ ఇంట్లో ఉండి అవన్నీ ఏరి సర్దిపెట్టింది. మేం తిరిగొచ్చేసరికి అలమర నిలబడి ఉంది, రెండు బిస్కెట్ డబ్బాలూ మూతలు పెట్టుకుని బుద్ధిగా పక్కపక్కన కూర్చున్నాయి. "ఒక్క ముక్క కూడా పోలేదు. అన్నీ వరసగా పేర్చాను," అని అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆవిణ్ణి మెచ్చుకునే ఓపిక మాకప్పుడు లేదు.

ఆ ముక్కల సంగతి చెప్పాలి. మా నాన్న గోడల మీద బొమ్మలు వేసేవాడు. అందరూ ఆయన్ని గళ్ళ మేస్త్రి అనేవారు. ఎంత పెద్ద బొమ్మనైనా ముందు కాగితం మీద గీసి, దాని మీద గళ్ళు కొట్టి, కత్తెరతో ఏ గడికా గడి కత్తిరించేసేవాడు. ప్రతి ముక్క వెనకా ఒక అంకె. గోడ మీద కూడా సుద్ద పూసిన దారంతో అన్నే గళ్ళు కొట్టి, అవే అంకెలు వేసేవాడు. ఇక పరంజా ఎక్కి, ముక్క చూసుకుంటూ గడి గీసుకుంటూ పోవడమే. చుట్టూ గుడ్డ కట్టేసేవాడు. గోడ పూర్తయ్యేదాకా వెనక్కి నడిచి చూడ్డానికి వీల్లేదు. మొత్తం బొమ్మ ఎలా ఉంటుందో అది వేయించుకునేవాళ్ళకి తప్ప ఎవరికీ చూపించేవాడు కాదు, నాకు కూడా.

"తెలిసిందనుకున్నావో, చూడ్డం మానేస్తావు," అనేవాడు. "ముక్కలో ఏముందని అడక్కు. గీత ఎక్కణ్ణించి ఎక్కడికి పోయిందో చూడు, చాలు."

మా పనిలో గీసేవాళ్ళు వేరు, నింపేవాళ్ళు వేరు. గోడ మీద గీత నాన్నది. ఆ గీతల మధ్య రంగు నింపడం నాది. చిన్నప్పట్నుంచీ ఆయన పక్కన పొట్టి పీట మీద కూర్చుని నింపుతూనే పెద్దదాన్నయ్యాను. నింపడం చిన్న పనేమీ కాదు, కాని గీత మీదే నా ప్రాణం. ఎన్నిసార్లు అడిగినా "చూద్దాంలే" అనేవాడు. ఆ "చూద్దాంలే"కి ఎంత వయసొచ్చిందో నాకూ దాదాపు అంతే వచ్చింది.

"ఇప్పుడు పంపుల గోడ సంగతేంటండీ?" అంది అమ్మ, ఆయన చేతికింద దిండు సర్దుతూ.

పంపుల కార్ఖానా వాళ్ళు కొత్త షెడ్డు కట్టారు. వానలు మొదలయ్యేలోపు దాన్ని తెరవాలి. రోడ్డు వైపు గోడ మీద తమ నీళ్ళ పంపుని నిలువునా కోసి చూపించినట్టు, లోపలి భాగాలన్నీ కనిపించేలా బొమ్మ కావాలన్నారు. సరిగ్గా అప్పుడే మొక్కల నర్సరీ ఆవిడ కూడా వచ్చి, తన గోడ మీద విరగకాసిన దానిమ్మ చెట్టు వెయ్యమంది. రెండు గోడలదీ ఒకటే కొలత. నాన్న రెండు బొమ్మలూ గీసి, వాళ్ళకి చూపించి సరే అనిపించుకుని, కత్తిరించి చెరో డబ్బాలో వేసి పెట్టాడు. ఆ తర్వాత బల్లి వచ్చింది.

"నేను వేస్తాను," అన్నాను.

"నువ్వు నింపేదానివి."

"నీ ముక్కలు చూసే కదా నాన్నా గీస్తాను. ఇందులో నా సొంతం ఏముంది?"

నాన్న చాలాసేపు పైకప్పు కేసి చూశాడు. బల్లి కేసి కూడా అయ్యుండచ్చు.

"సరే. ఈ గోడ బాగా వస్తే ఇక మీదట గీత నీది. పాడైందా, కుంచెలన్నీ మూటగట్టి అటకెక్కించేస్తాను. నువ్వెళ్ళి ఆ ఫ్లెక్సీ దుకాణంలో చేరిపో. వాడు ఎప్పట్నుంచో పిలుస్తున్నాడుగా."

ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణంలో చల్లటి గది, కుర్చీ, కంప్యూటర్. ఎండలో మాడక్కర్లేదు, పరంజా ఎక్కక్కర్లేదు. అందరూ అదే నయమన్నారు. నాకు మాత్రం గోడ కావాలి. ఎండకి కాలి, అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమనే గోడే కావాలి.

*

పొద్దున్నే నేనూ అమ్మా కార్ఖానాకి వెళ్ళిపోయేవాళ్ళం. నేను పరంజా మీద, అమ్మ కింద నీడలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని. నేను అంకె చెప్తే ఆ ముక్కని బట్టల క్లిప్పుకి తగిలించి దారంతో పైకి పంపేది. మధ్యమధ్యలో రంగులు కలిపేది, నీళ్ళు తాగించేది, రోడ్డున పోయేవాళ్ళని పలకరించేది. అంత సందడిగా అమ్మని నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

ముక్కల అంచున నాన్న రంగుల పేర్లలో మొదటి అక్షరాలు రాసేవాడు. ఆకుపచ్చ చాలా ఉంది. కార్ఖానా పంపులన్నీ ఆకుపచ్చవే కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. గోధుమ రంగు కూడా చాలా ఉంది. మోటారులో చుట్టే రాగి తీగ కాబోలనుకున్నాను. పంపు లోపల ఏముంటుందో నాకు అంతవరకే తెలుసు.

ఒకరోజు ఓ ముక్క చూసి ఆగిపోయాను.

"ఇదేంటమ్మా? గుండ్రంగా ఉంది. లోపలంతా ఎర్రెర్రగా గుండ్లున్నాయి!"

అమ్మ ఆ ముక్కని కిందికి తెప్పించుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూసింది. "బేరింగ్ అయ్యుంటుంది. దాన్లో గుండ్లుంటాయిగా."

"ఎర్రగా ఉంటాయా?"

"మీ నాన్న గీశాడంటే ఉండే ఉంటాయి. వెయ్యి, వెయ్యి. ముక్కలో ఏముందని అడక్కూడదుగా!"

వేసేశాను. ఎర్ర గుండ్లని ఒక్కోదాన్నీ మెరిసేలా దిద్దాను కూడా. ఆ తర్వాత ఆకులాంటిదొచ్చినా, ముక్కులాంటిదొచ్చినా ఏమిటని అడగలేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వేరే. గీతలు కలవడం లేదు. నాన్న గళ్ళు దర్జీ కుట్టినంత కచ్చితంగా ఉండేవి. ఒక గడి అంచున ఆగిన గీత పక్క గడిలో అదే చోట మొదలవ్వాలి. ఈ గోడ మీద చాలాచోట్ల అలా జరగలేదు. పైగడిలోంచి లావుపాటి గొట్టం దిగేది, కింది గడిలో దాని జాడే ఉండదు. జానెడు అవతల సన్నటి గీత ఏదో మొదలయ్యేది.

మొదట నేనే తప్పు గీశాననుకుని చెరిపి మళ్ళీ గీశాను. ముక్క సరిగ్గానే ఉంది, అంకె సరిగ్గానే ఉంది. అప్పుడు నాకో అనుమానం వచ్చింది. ఈమధ్య నాన్న పేపరు చదవాలంటే దాన్ని చేయంత దూరం చాపి పట్టుకుంటున్నాడు. మొన్న సూదిలో దారం ఎక్కించలేక విసుక్కుని అమ్మకి ఇచ్చేశాడు. నాన్నకి చూపు మందగించింది. గీత తప్పుతోంది. ఆయనకింకా తెలీదు.

ఆయనకి ఈ మాట చెప్పకూడదనుకున్నాను.  తర్వాత సుద్దముక్క తీసుకుని ఆ గొట్టాన్ని కొంచెం కొంచెం సన్నం చేస్తూ, పక్కకి వంచుతూ తీసుకెళ్ళి ఆ సన్నటి గీతతో కలిపేశాను. ఎక్కడ అతికానో కనిపించకుండా కలిపాను.

ఆ తర్వాత కలవనివన్నీ అలాగే కలుపుకుంటూ పోయాను. పళ్ళచక్రం అంచు పట్టుకుని వెళ్తే పక్కగడిలో ఏదో వంపు ఎదురయ్యేది. ఆ పళ్ళనే మెల్లగా మెత్తబరిచి ఆ వంపులో దించేసేదాన్ని. ఎలా చేశావని అడిగితే చెప్పలేను. చెయ్యి ఎటు పోతానంటే అటు పోనిచ్చాను. నాన్న కోసం దిగులు ఒకవైపు ఉంది, నిజమే. కాని ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా నేను అంతకుముందెప్పుడూ లేను. మధ్యాహ్నం అమ్మ "దిగవే, తిందువుగాని" అని అరుస్తుంటే, "ఈ ఒక్కటీ" అని ఇంకో నాలుగు లాగించేసేదాన్ని.

సాయంత్రం ఇంటికి రాగానే నాన్న మొదటి ప్రశ్న ఒకటే.

"గీతలు కలుస్తున్నాయా?"

"కలుస్తున్నాయి నాన్నా."

"అంచుల దగ్గర?"

"అంచుల దగ్గర కూడా."

"మరి! నా గళ్ళంటే ఏమనుకున్నావ్!" అని ఎడం చేత్తో చెంచా పట్టుకుని సగం నోట్లో, సగం చొక్కా మీద వేసుకుంటూ తృప్తిగా తినేవాడు.

"గీతలు బాగానే కలుస్తున్నాయి గాని, ముందు ఆ చెంచానీ నోటినీ కలపండి," అనేది అమ్మ.

*

గుడ్డ విప్పిన రోజు నాన్న కూడా వచ్చాడు. తెల్లచొక్కా, మెడకి వేలాడే చెయ్యి, పెళ్ళికొడుకులా దువ్విన జుట్టు. కార్ఖానా యజమాని, మేమంతా పంపుల పెద్దాయన అనేవాళ్ళం, లోపల్నుంచి పనివాళ్ళని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. నేనూ అమ్మా చెరోవైపు ముళ్ళు విప్పాం. గుడ్డ జారింది. అందరితోపాటు నేనూ రోడ్డు అవతలికి నడిచి, వెనక్కి తిరిగి చూశాను.

నేను గీసిన గోడేనా అని ఇంకోసారి చూశాను.

గోడ మీద పంపు ఉంది. పంపు కాదు, చెట్టు ఉంది. నేలలోంచి వేళ్ళు లేచి, బోల్టులు బిగించిన ఇనప దిమ్మెలోకి దూరాయి. మోటారు ఇరుసు పైకి లేస్తూ లేస్తూ మాను అయిపోయింది, దాని చుట్టూ రాగి తీగ బెరడులా చుట్టుకుని ఉంది. నీళ్ళు తోసే చక్రం రెక్కల్లో సగం రెక్కలు, సగం ఆకులు. గొట్టం వంగి కొమ్మై, కొమ్మ చివర పువ్వు పూసింది, ఆ పువ్వులోంచి నీళ్ళు కారుతున్నాయి. బేరింగ్ ఉండాల్సిన చోట నిలువునా కోసిన దానిమ్మపండు మిలమిలా మెరుస్తోంది. పైకొమ్మన ఒక పిట్ట. దాని ముక్కూ కళ్ళూ పిట్టవే. ఒళ్ళు మాత్రం కుళాయి.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత పనివాళ్ళంతా నవ్వేశారు. నాకు భూమి చీలితే దూరిపోదామనిపించింది. చేతికందిన గీత కాస్తా చేజారిపోయిందని అక్కడే, ఆ రోడ్డు మీదే అనుకున్నాను. ఫ్లెక్సీ దుకాణంలో ఉండే కుర్చీ కూడా కళ్ళముందు కనిపించింది.

"అయ్యయ్యో!" అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అందుకా ప్రతి అంకె ముక్కలూ రెండేసి ఉన్నాయి!"

"ఏంటీ?" అన్నాడు నాన్న.

"మీరు పడ్డ రోజు ముక్కలన్నీ కలిసిపోయాయండీ. ఒకటో అంకెవి రెండు దొరికితే ఒకటి ఈ డబ్బాలో, ఒకటి ఆ డబ్బాలో వేశాను. రెండోవీ అంతే. అన్నీ సమానంగా పంచాను!"

ఇంత శ్రద్ధగా చేసిన పొరపాటు నేను ఇంతవరకు చూడలేదు. ఏది ఏ బొమ్మదో తెలియకపోయినా, ఒక్క అంకె కూడా వరస తప్పలేదు.

 నాన్న రోడ్డు దాటి గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, ఎడం చేతి వేలితో ఆ గొట్టం వెంబడే పోతూ, అది కొమ్మగా మారిన చోట ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చి మళ్ళీ వేలు పోనిచ్చాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఇది నా ముక్కల్లో లేదే," అన్నాడు.

"లేదు నాన్నా."

"ఎవరు గీశారు?"

"నేనే. కలవలేదు, అందుకని కలిపాను."

"కలుస్తున్నాయన్నావుగా రోజూ?"

ఇక దాచి లాభం లేదనిపించింది. "నీకు చూపు తగ్గిందేమో, గీత తప్పుతోందేమో అనుకున్నాను. చెప్తే బాధపడతావని చెప్పలేదు."

నాన్న నా వైపు తిరిగి చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"చూపు కాస్త తగ్గిన మాట నిజమేలే," అన్నాడు చిన్నగా, అమ్మకి వినపడకుండా. మళ్ళీ గోడ వైపు తిరిగి, వేలు పళ్ళచక్రం మీదికి పోనిచ్చి, అది ఆకుగా మెత్తబడే చోట ఇంకోసారి ఆగాడు. "ఊ" అన్నాడు. అంతే.

పంపుల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, నేనడిగింది పంపు కదయ్యా?"

"అవునండీ. పొరపాటు మాదే. మీరు ఊ అంటే రేపే సున్నం కొట్టించి మళ్ళీ వేస్తాం."

సున్నం అన్న మాట వినగానే నేను తెలీకుండానే గోడకి అడ్డంగా జరిగాను. పెద్దాయన మీసం సర్దుకుంటూ గోడని ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు.

"ఇంతకీ ఆ పైనున్నదేంటి?"

నాన్న తడుముకుంటుంటే అమ్మ అందుకుంది. "కుళాయి పిట్టండీ."

"కుళాయి పిట్టా?"

"తిప్పితే కూస్తుంది."

పెద్దాయన పొట్ట కదిలిపోయేలా నవ్వాడు. ఇందాక పనివాళ్ళు నవ్విన నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. నాకు కాస్త ఊపిరాడింది. అప్పటికే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. వాళ్ళలో బళ్ళో డ్రాయింగ్ టీచరు ఒకాయన సైకిల్ దిగి, స్టాండ్ వెయ్యడం కూడా మర్చిపోయి దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

"ఎవరు వేశారండీ? దీన్ని అధివాస్తవిక చిత్రం అంటారు. ప్రకృతినీ యంత్రాన్నీ విడదీయలేకుండా కలిపేశారు!"

"అంటే మంచిదా, చెడ్డదా?" అన్నాడు పెద్దాయన.

"మంచిదేనండీ. కలలో కనిపించేలాంటి బొమ్మ."

"మా ఆవిడ కునికిపాట్లు పడుతూ పేర్చింది లెండి," అన్నాడు నాన్న.

"నేనేం కునకలేదు! కళ్ళు తెరుచుకునే పేర్చాను," అంది అమ్మ. ఆ మాటకి డ్రాయింగ్ టీచరు కూడా నవ్వేశాడు.

పెద్దాయన చివరికి తేల్చాడు. "షెడ్డు తెరిచేదాకా ఉండనీండి. తర్వాత చూద్దాం."

*

తర్వాత ఎవరూ చూడలేదు. షెడ్డు తెరిచిన రోజు వచ్చినవాళ్ళలో సగం మంది లోపలికి వెళ్ళకుండా గోడ దగ్గరే నిలబడిపోయారట. బస్సులు ఆ మలుపులో నెమ్మదించేవి. "దానిమ్మ పంపు దగ్గర దిగుతాం," అని జనం కండక్టరుతో చెప్పడం మొదలుపెట్టారు. పెద్దాయన సున్నం ఊసెత్తలేదు సరికదా, పిట్ట మీద దుమ్ము పడితే తుడిపించేవాడు.

నాన్న మాత్రం ఇంట్లో నోరు విప్పలేదు. కూరగాయలకని బయల్దేరి కార్ఖానా మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాడు. మార్కెట్టు అటు కాదు. అడిగితే, "కాళ్ళకి మంచిదని డాక్టర్ చెప్పాడు," అనేవాడు. విరిగింది చెయ్యి. ఆయన్ని పట్టుకుని "నా సంగతేంటి?" అని అడుగుదామని రోజూ అనుకునేదాన్ని.  అడిగితే కాదంటాడేమోనని భయం. అడగనంతసేపూ ఇంకా కాదనలేదు కదా.

అమ్మకే ఓపిక నశించింది. "ఇంతకీ గోడ బాగొచ్చినట్టా, పాడైనట్టా? ఏదో ఒకటి తేల్చండి. పిల్ల తిండి సరిగ్గా తినట్లేదు."

"ఆలోచిస్తున్నా," అన్నాడు నాన్న పేపరు చాచి పట్టుకుని. పేపరు తలకిందులుగా ఉంది.

నర్సరీ ఆవిడకి కబురెళ్ళిపోయింది. ఆవిడ హడావిడిగా వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "మేస్త్రిగారూ, నాకు మాత్రం చెట్టు చెట్టులాగే ఉండాలి. అందులో ఒక్క నట్టు కనిపించినా ఊరుకోను!" అని చెప్పి, నవ్వుతూనే అయినా ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది.

నాన్న చేతికట్టు విప్పాక, మొదటి మబ్బులు పట్టిన ఒక పొద్దున ముగ్గురం నర్సరీకి వెళ్ళాం. కుండీల మధ్య తడిమట్టి వాసన. గోడకి ముందు రోజే సున్నం కొట్టి ఉంది, ఎదురుగా తెల్లగా, ఖాళీగా. నేను అలవాటుగా సుద్ద దారం బయటికి తీశాను.

"గళ్ళు ఎక్కణ్ణించి కొట్టను నాన్నా?"

"గళ్ళెందుకు? ముక్కలేవీ?"

నిజమే, ఆయన కొత్త బొమ్మ గీయలేదు. పాత డబ్బా కూడా తేలేదు. సంచిలోంచి పిడికెడు సుద్దముక్కలు తీసి నా చేతిలో పోశాడు. 

గోడ దగ్గరికి వెళ్ళాను. పాదుల్లోంచి మొదలుపెట్టాను. ఒకే గీత, నేల నుంచి లేచి, నడుం వంచి, రెండుగా చీలి, ఒక కొమ్మ అటు, ఒక కొమ్మ ఇటు. ఎక్కడా అంకెలు లేవు, అంచులు లేవు. ఎంతసేపు గీశానో. కళ్ళలో నీళ్ళు తిరిగి సగం చెట్టు మసకబారితే, తుడుచుకుందామని వెనక్కి తిరిగాను.

నా వెనక పొట్టి పీట మీద నాన్న కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టుకుని, ముందు రంగు డబ్బాల మూతలన్నీ తీసి వరసగా పెట్టుకుని, చిన్న కుంచె పట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

"ఈ మానుకి ఏ రంగు నింపమంటావ్?" అన్నాడు.

"గోధుమ," అన్నాను. "కొంచెం పల్చగా కలుపు నాన్నా."

"సరే," అని ఆయన కలపడం మొదలుపెట్టాడు.